ట్యూషన్‌లో చేర్చే ముందు పాప ఎక్కడ ఆగిందో చూడండి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. మీవారు హైదరాబాద్‌లో పని చేస్తారు, ఇంట్లో మీరు, అత్తగారు, ఇద్దరు పిల్లలు. పాప ఏడో తరగతి. ఈ ఏడాదే ప్రైవేటు బడి మానిపించి ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో వేశారు. బాబు నాలుగో తరగతి. పాపకు లెక్కల్లో మార్కులు బాగా తగ్గాయి. "నేను పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివాను. ఇప్పటి ఇంగ్లిష్ పుస్తకాలు నాకు అర్థం కావు. వీధిలో అందరూ ట్యూషన్‌కి పంపుతున్నారు. నేను పంపకపోతే పిల్లల్ని నేనే పాడుచేసినట్టా?" అని అడిగారు. ఆ చివరి మాట దగ్గర మనసు కలుక్కుమంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల హైస్కూళ్లలో 29 ఏళ్లు లెక్కలు చెప్పాను. రిటైరయ్యాక కూడా సాయంత్రం మా అరుగు మీద వీధి పిల్లలు కూర్చుంటారు. డబ్బులు తీసుకోను. ఇన్నేళ్లలో "ఏటి మేస్టారూ, మా గుంటకి ఏటీ రావట్లేదు, టూసన్ పెట్టీమంటారా" అని అడిగిన తల్లులు ఎంతమందో. అందరికీ నేను చెప్పింది ఒకటే. ట్యూషన్ సంగతి వారం ఆగి చూద్దాం, ముందు పిల్ల ఎక్కడ ఆగిపోయిందో తెలుసుకోండి. ఆగిన చోటు తెలియకుండా వేసిన ట్యూషన్, రోగం ఏమిటో తెలియకుండా వేసిన మందు లాంటిదే.

అది మీరే తెలుసుకోవచ్చు. ఇంగ్లిష్ రాకపోయినా ఫరవాలేదు. ఆదివారం పొద్దున్న పాపను పక్కన కూర్చోబెట్టుకోండి. "పరీక్ష" అనొద్దు. బాబు తెలుగు పుస్తకంలో ఒక పేజీ తీసి, తమ్ముడికి వినిపించమని పాపను గట్టిగా చదవమనండి. అక్షరం అక్షరం కూడబలుక్కుంటోందా, గుక్క తిప్పుకోకుండా చదువుతోందా, చదివాక అందులో ఏముందో సొంత మాటల్లో చెబుతోందా చూడండి. తర్వాత ఒక తెల్లకాగితం మీద నాలుగు లెక్కలు రాసివ్వండి. 42లోంచి 17 తీసివేయడం. 503లోంచి 278 తీసివేయడం. 735ని 7తో భాగించడం. అరకు మూడోవంతు కలపడం, అంటే 1/2 + 1/3. తొందరపెట్టొద్దు, తప్పు రాస్తుంటే మధ్యలో ఆపొద్దు. రాయడం అయ్యాక "ఎలా చేశావో చెప్పు తల్లీ" అని అడిగి వినండి.

జవాబులు వరసగా 25, 225, 105, 5/6. అయితే ఒప్పు కన్నా తప్పు ఎలా వచ్చిందన్నదే మీకు ఎక్కువ చెబుతుంది. 735ని 7తో భాగించి 15 అని రాస్తే, ఆ పిల్లకు భాగహారం వచ్చు. మధ్యలో మూడు ఏడుకు చాలనప్పుడు భాగఫలంలో సున్నా వేయాలని మాత్రం తెలియదు. రెండు రోజుల పని అది. 1/2 + 1/3కి 2/5 అని రాస్తే పైవి పైవి, కిందవి కిందవి కలిపేసింది. భిన్నం అంటే ఏమిటో ఎవరూ చేతికిచ్చి చూపించలేదన్నమాట. దానికి రెండు మూడు వారాలు పడుతుంది. పేజీ చదవడంలోనే తడబడితే లెక్కల ట్యూషన్ వల్ల ఏ ఉపయోగమూ ఉండదు. ఎందుకంటే ఈ తరగతుల్లో సగం లెక్కలు మాటల్లోనే ఉంటాయి. చదివి అర్థం చేసుకుంటేగానీ కలపాలో తీసివేయాలో తెలియదు.

42లోంచి 17 ఎందుకు ఇచ్చానో చెబుతాను. రాజాం వైపు ఒక ఊళ్లో పనిచేసినప్పుడు ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. వాళ్లమ్మ సంతలో కూరగాయలు అమ్మేది. "వీడికి ఆల్జీబ్రా రాదు" అని వాడి మీద ముద్ర పడిపోయింది. ట్యూషన్ మాస్టారు అదే అన్నారు, వాడూ అదే నమ్మాడు. ఒకరోజు వాడి నోటుబుక్కు తీసి చూశాను. x + 17 = 42 అని ఉంది. తర్వాతి వరసలో x = 42 − 17 అని రాశాడు. పక్షాంతరం చక్కగా చేశాడు, ప్లస్ మైనస్ అయింది. దాని కింద x = 35 అని ఉంది. ఎర్ర ఇంకుతో పెద్ద ఇంటూ. వాడికి ఆల్జీబ్రా వచ్చు! రానిది మూడో తరగతి తీసివేత. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేసి 5 వేశాడు, నాలుగులోంచి ఒకటి తీసి 3 వేశాడు. అయిదేళ్లుగా వాడు తీసివేతలన్నీ అలాగే చేస్తున్నాడు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక వాణ్ణి పిలిచి నాలుగు పది రూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్లలు చేతిలో పెట్టాను. "పదిహేడు రూపాయలు ఇవ్వరా" అన్నాను. ఒక పది నోటు నాకిచ్చి, చేతిలో మిగిలిన రెండు బిళ్లల వైపు చూశాడు. "ఏడు లేవు సార్, పది మార్చాలి" అన్నాడు. "మార్చు మరి" అని పది బిళ్లలు ఇచ్చాను. ఏడు లెక్కపెట్టి నాకిచ్చాడు. "నీ దగ్గర ఎంతుంది?" అంటే "ఇరవై అయిదు" అన్నాడు, కాగితం వైపు చూడకుండానే. సంతలో రోజూ చిల్లర లెక్క తప్పకుండా ఇచ్చేవాడే కదా. అప్పుడు వాడి నోటుబుక్కులో 35 చూపించాను. కాసేపు మాట్లాడలేదు. "పది మార్చడం కాయితం మీద కూడా చెయ్యొచ్చా సార్?" అని అడిగాడు. పదకొండు రోజులు పట్టింది, రోజుకు పావుగంట. ఆ తర్వాత వాణ్ణి ఆల్జీబ్రా రానివాడని ఎవరూ అనలేదు.

మీ పాప విషయంలో ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ఆరో తరగతి వరకు పాత బడిలో ఏ పుస్తకాలు చదివిందో అడగండి. కొన్ని ప్రైవేటు బడులు కింది తరగతుల్లో సొంత కంపెనీ పుస్తకాలు పెడతాయి. అందులో పాఠాల వరస వేరు, మాటలు వేరు. అక్కడ భిన్నాలు పైపైన చెప్పి ఉండొచ్చు, ఇక్కడ అవి వచ్చని అనుకుని పాఠం మొదలవుతుంది. అదే అయితే పాపకు తెలివి తగ్గలేదు, మధ్యలో ఒక మెట్టు లేదంతే. పోయిన ఏడాది ఆరో తరగతి రాష్ట్ర పుస్తకం ఊళ్లో ఎవరి దగ్గరైనా దొరుకుతుంది. అడిగి తెచ్చుకోండి, అది మీకు చాలా అవసరపడుతుంది.

ఇక మీ భయం దగ్గరకు వద్దాం, ఇంగ్లిష్ పుస్తకాలు. మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల పిల్లలకు ఉచితంగా ఇచ్చే లెక్కలు, సైన్సు, సోషల్ పుస్తకాలు ఇప్పుడు రెండు భాషల్లో ఉంటున్నాయి. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. ఆ తెలుగు పేజీ మీలాంటి తల్లుల కోసమే అనుకోండి. చాలా ఇళ్లల్లో దాన్ని ఎవరూ తెరవరు. "మాది ఇంగ్లిష్ మీడియం" అని పిల్లలు తిప్పేస్తారు, "నాకు రాదు" అని పెద్దవాళ్లు ముట్టుకోరు.

మీరు తెలుగు మీడియంలో పది చదివారు కదా, కాబట్టి మీకు రానిది పాఠం కాదు, దాని కొత్త పేరు. పాప "ఎల్‌సీఎం" అంటుంది, అది మీరు చదువుకున్న క.సా.గు. "హెచ్‌సీఎఫ్" అంటే గ.సా.భా. పెరిమీటర్ అంటే చుట్టుకొలత, ఏరియా అంటే వైశాల్యం, న్యూమరేటర్ లవం, డినామినేటర్ హారం. ఫొటోసింథసిస్ అంటే కిరణజన్య సంయోగక్రియ. ఆ మాట మీకు ఇప్పటికీ నోటికొస్తుంది. ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. పాప ఇంగ్లిష్ మాట చెబితే ఎదురు పేజీలో తెలుగు మాట వెతికి మీరు రాయండి. రోజుకు అయిదు చాలు. రెండు నెలల్లో ఇద్దరూ ఒకే భాషలో మాట్లాడుకుంటారు. పాపకు దీనివల్ల ఇంకో మేలుంది. తెలుగులో అర్థమైన సంగతిని ఇంగ్లిష్‌లో రాయడం నేర్పొచ్చు. ఏ భాషలోనూ అర్థం కానిదాన్ని బట్టీ పట్టడం తప్ప దారి లేదు.

లెక్కల్లో అయితే మీకు పుస్తకం కన్నా ఎక్కువే తెలుసు. ఈ తరగతుల్లో శాతాలు, బారువడ్డీ వస్తాయి. పుస్తకంలో "సంవత్సరానికి 24 శాతం" అని ఉంటుంది. మన ఊళ్లో ఎవరూ అలా అనరు, "రెండు రూపాయల వడ్డీ" అంటారు. నూటికి నెలకు రెండు రూపాయలు, ఏడాదికి ఇరవై నాలుగు. రెండూ ఒకటే. పది వేలు తెస్తే నెలకు 200, ఏడాదికి 2,400. డ్వాక్రా సంఘాల్లో అందరికీ తెలిసిన పావలా వడ్డీ అంటే నూటికి నెలకు పావలా, ఏడాదికి మూడు రూపాయలు, అంటే 3 శాతం. అదే పది వేలకు ఏడాదికి 300. ఈ రెండూ పక్కపక్కన రాసి "ఏ అప్పు తీసుకోవాలి, ఏడాదికి ఎంత తేడా?" అని పాపను అడగండి. శాతం అంటే ఏమిటో ఆ పిల్ల జన్మలో మరిచిపోదు. వైశాల్యానికి మీ పొలం ఉంది. ఎకరానికి వంద సెంట్లు, సెంటుకు 48.4 చదరపు గజాలు. ఇంటిస్థలం పొడవు వెడల్పు అడుగుల్లో కొలిపించి, తొమ్మిది చదరపు అడుగులు ఒక చదరపు గజమని చెప్పి, ఎన్ని సెంట్లో తేల్చమనండి. అత్తగారిని కూడా కూర్చోబెట్టుకోండి. మానికలు, అడ్డలతో ధాన్యం కొలిచిన చేతులవి.

ఏ నెలలో ఏ పాఠం చెబుతారో తెలుసుకోవడానికి పుస్తకం మొదట్లో విషయ సూచిక చూడండి. రాష్ట్ర పుస్తకాల్లో చాలావాటిలో పాఠం పేరు పక్కనే నెల పేరు ఉంటుంది. నెలాఖరుకు ఆ పాఠం నోటుబుక్కులో ఉందో లేదో సరిచూసుకోవచ్చు. పాఠం చివర్లో "అభ్యసనాన్ని మెరుగుపరచుకుందాం" అని ప్రశ్నలుంటాయి. వాటిలో "ఎందుకు", "కారణం చెప్పండి", "మీ ఊళ్లో చూసి రాయండి" అని ఉన్న ప్రశ్నలు పాపతో నోటితో చెప్పించండి. పరీక్షల్లో అలాంటివి ఎక్కువవుతున్నాయి కాబట్టే గైడు బట్టీ పట్టిన పిల్లలు తెల్లమొహం వేస్తున్నారు. పుస్తకంలో నలుపు తెలుపు చతురస్రం, అదే క్యూఆర్ కోడ్, కనిపిస్తే ఫోన్‌లో దీక్షా యాప్‌తో స్కాన్ చేయండి. పాఠానికి సంబంధించిన వీడియోలు వస్తాయి. ఫోన్ మాత్రం మీ చేతిలోనే ఉండాలి.

ఇప్పుడు బడి. ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు వెనకాడతారు. "మేస్టార్ని అడిగితే ఏటనుకుంటారో" అని. అడగడం మీ హక్కమ్మా. 2009 విద్యా హక్కు చట్టంలో 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధులు చెబుతుంది. ప్రతి పిల్ల నేర్చుకునే శక్తి ఎంతో అంచనా వేసి అవసరమైతే అదనంగా బోధించడం, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై హాజరు, నేర్చుకున్న తీరు, ప్రగతి చెప్పడం అందులోనే ఉన్నాయి. అంటే వెనకబడిన పిల్లకు బడిలోనే అదనంగా చెప్పాలని చట్టం అంటోంది. ఇది మాస్టారి మీద తగువుకు పనికొచ్చే ఆయుధం అనుకోవద్దు. తగువుతో ఏ పనీ కాదు. ఆ సెక్షన్ తెలిసి ఉంటే మీరు తలెత్తుకుని అడగగలరని చెబుతున్నాను. మన రాష్ట్రంలో 2024 డిసెంబరు 7న మొదటి మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది, తర్వాత 2025 జులై 10న మళ్లీ పెట్టారు. అలాంటి రోజుల్లో వందమంది ఉంటారు, మైకులుంటాయి, మీ పాప గురించి నిదానంగా మాట్లాడడం కుదరదు. మామూలు రోజు సాయంత్రం బడి వదిలే వేళకు వెళ్లండి.

వెళ్లేటప్పుడు ఆదివారం పాప చేసిన ఆ కాగితం పట్టుకెళ్లండి. "మా పాప ఎలా చదువుతోందండి?" అని అడిగితే "ఫరవాలేదమ్మా, ఇంకా కష్టపడాలి" అంటారు. నేనూ ఎన్నోసార్లు అదే అన్నాను. నలభైమంది పిల్లల్లో ఒక్కరి గురించి ఉన్నపళంగా అడిగితే అంతకన్నా చెప్పలేం. అదే కాగితం చూపించి "భాగహారంలో సున్నా వదిలేస్తోందండి, భిన్నాలు కలపడం రావట్లేదు, దీనికి ఇంట్లో ఏం చేయించమంటారు?" అని అడిగారనుకోండి. ఏ మాస్టారైనా కుర్చీ దగ్గరకు లాక్కుని మాట్లాడతారు. ఇంకోటి కూడా అడగండి. ఫార్మేటివ్, సమ్మేటివ్ పరీక్షల్లో మార్కులు ఎక్కడ పోయాయో పేపరు చూపించమనండి. ఫార్మేటివ్ అంటే కొద్ది పాఠాల మీద పెట్టే చిన్న పరీక్ష, సమ్మేటివ్ అంటే అప్పటిదాకా చెప్పినదాని మీద పెట్టే పెద్దది. ప్రోగ్రెస్ కార్డు మీద అంకె కన్నా ఆ పేపరులోని ఎర్ర గీతలు విలువైనవి. పై తరగతికి పంపారు కదా అని నిశ్చింతగా ఉండొద్దు. ఎనిమిది లోపు సాధారణంగా ఎవరినీ ఆపరు. మా కూరగాయల అబ్బాయి అలాగే ఎనిమిది దాకా వచ్చాడు.

ఇవన్నీ చేశాక కూడా ట్యూషన్ అవసరం పడొచ్చు. నేను ట్యూషన్‌కి విరోధిని కాను. మీరు పొలం పనికో ఉపాధి పనికో వెళ్లి చీకటి పడ్డాక వస్తే, పిల్లలు ఎక్కడో ఒకచోట బుద్ధిగా కూర్చోవడం మంచిదే. మన పల్లెల్లో డిగ్రీ చదివి ఇంటి దగ్గర ఉన్న అమ్మాయిలు పదిమంది పిల్లలకు చెబుతుంటారు. వాళ్లలో కొందరు ఎంత ఓపిగ్గా చెబుతారో కళ్లారా చూశాను. కానీ ఏ ట్యూషన్‌కైనా ముందు ఒకరోజు వెళ్లి గుమ్మం దగ్గర పావుగంట నిలబడండి. పిల్లలు తమంతట తాము రాస్తున్నారా, బోర్డు మీదది దించుకుంటున్నారా? తప్పు చేస్తే ఆ తప్పు ఎందుకు వచ్చిందో చెబుతున్నారా, చెరిపేసి ఒప్పు రాయిస్తున్నారా?

ఇది ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా అమ్మాయి ఆరో తరగతిలో ఉన్నప్పుడు నాకు దూరం ట్రాన్స్‌ఫర్ అయింది. ఇంటికి వచ్చేసరికి రాత్రి ఎనిమిది. టౌన్లో పేరున్న ఒక ట్యూషన్ సెంటర్లో వేశాం. మూడు నెలల తర్వాత దాని నోటుబుక్కు తీస్తే ఒక్క తప్పు లేదు. ప్రతి లెక్కకూ టిక్కు, కింద గుడ్, వెరీ గుడ్. మా ఆవిడ సంతోషపడింది. నాకు మాత్రం భయం వేసింది. ఆరో తరగతి పిల్ల నోటుబుక్కులో మూడు నెలల పాటు ఒక్క కొట్టివేత కూడా లేకపోవడం జరగని పని. అందులోని ఒక లెక్కనే అంకెలు మార్చి ఇచ్చాను. పిల్ల పెన్సిల్ పట్టుకుని నా మొహం చూసింది. మొత్తం బోర్డు మీదవి దించుకున్నవే. వాపు చూసి బలుపు అనుకోవడమంటే అదే. మర్నాడే మానిపించి, పొద్దున్న అయిదున్నరకు నేనే కూర్చోబెట్టుకున్నాను. పోయిన మూడు నెలలు రాబట్టుకోవడానికి సంక్రాంతి దాటింది. కాబట్టి మీ పాప ట్యూషన్ నోటుబుక్కులో కొట్టివేతలు, దిద్దిన తప్పులు కనిపిస్తే సంతోషించండి.

ట్యూషన్ చెప్పేవారికి ఆ కాగితం చూపించి, "ముందు ఇది సరిచేయండి, బడి హోంవర్క్ ఇంట్లో చేసుకుంటుంది" అని చెప్పండి. బడి హోంవర్కే ట్యూషన్‌లో చేయిస్తే ఖాళీ అలాగే ఉండిపోతుంది. మూడు వారాలయ్యాక అంకెలు మార్చి అవే నాలుగు లెక్కలు మళ్లీ ఇవ్వండి. తేడా లేకపోతే మొహమాటపడకుండా మానిపించండి. బడిలో పాఠం చెప్పే మాస్టారి దగ్గరే డబ్బు కట్టి ట్యూషన్ చెప్పించుకోవద్దు. ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని విద్యా హక్కు చట్టం 28వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. పైగా తరగతిలో చెప్పాల్సింది సాయంత్రానికి దాచుకునే అలవాటు మొదలైతే, డబ్బు కట్టలేని పిల్లలు నష్టపోతారు. నా వృత్తిలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది అదే.

పాపకు ఇప్పుడు టెన్షన్ పెట్టాల్సిన పరీక్ష ఏదీ లేదు. కానీ వచ్చే ఏడాది ఒక మంచి అవకాశం ఉంది, ప్రభుత్వ బడికి మార్చారు కాబట్టే వచ్చిన అవకాశం. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాయొచ్చు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే అది. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు, మొత్తం 48,000 పాప ఖాతాలోనే పడతాయి. పరీక్షలో 90 ప్రశ్నలు బుద్ధికి పదును పెట్టేవి, 90 పాఠాలవి. ఆ పాఠాల్లో ఏడో తరగతివి కూడా ఉంటాయి. దరఖాస్తు బడి ద్వారానే వెళుతుంది కాబట్టి హెడ్మాస్టరు గారి చెవిన ఇప్పుడే వేసి ఉంచండి.

ఎనిమిది నుంచి పది దాకా లెక్కలు, సైన్సు, సోషల్ ఎన్‌సీఈఆర్‌టీ అనే కేంద్ర సంస్థ తయారుచేసిన పాఠాలే. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మాత్రం రాష్ట్రానివి. పది పబ్లిక్ పరీక్షలు 2025 మార్చిలో మొదటిసారి ఆ పుస్తకాలతో జరిగాయి. ఏడులో సైన్సు ఒకటే పుస్తకం, ఎనిమిదిలో భౌతిక, జీవశాస్త్రాలుగా విడిపోతుంది. ఆ మార్పు తట్టుకోవాలంటే ఈ ఏడాది భిన్నాలు, పూర్ణసంఖ్యలు, శాతాలు గట్టిపడాలి. పదో తరగతి మార్కులు బాగుంటే మన పక్కనే ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది, పది అవగానే ఇంజినీరింగ్ చదువుకు చేర్చుకునే ప్రభుత్వ విద్యాసంస్థ. అక్కడ ప్రవేశాలు పదో తరగతి మార్కులతోనే ఇస్తారు, ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకు 4 శాతం కలుపుతారు. కోచింగ్‌కి లక్షలు పోయక్కర్లేదు.

బాబు గురించి రెండు మాటలే రాశారు గానీ నాకు వాడి గురించే ఎక్కువ ఆలోచన. నాలుగో తరగతి అంటే ఇంకా చేతిలో ఉన్న వయసు. నవోదయ, అంటే కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడి, దాని కోచింగ్‌లో వేద్దామా అన్నారు. శ్రీకాకుళం జిల్లాకు వెన్నెలవలసలో, మనకు కిల్తంపాలెంలో నవోదయ ఉంది. పరీక్ష అయిదో తరగతిలో, ఆరులో చేరడానికి. 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. అందులో 40 ప్రశ్నలు బొమ్మలతో బుద్ధి పరీక్ష, 20 లెక్కలు, 20 భాష. తెలుగులో రాయొచ్చు, దరఖాస్తుకు డబ్బు లేదు. తప్పకుండా రాయించండి. కానీ నాలుగో తరగతి పిల్లాణ్ణి రోజూ చీకటి పడేదాకా కోచింగ్‌లో పడేసి, రాకపోతే "నీ వల్ల కాదు" అనే పరిస్థితి తెచ్చుకోవద్దు. సీట్లు తక్కువ. రానివాళ్లే ఎక్కువమంది. బొమ్మల ప్రశ్నలు ఆదివారాలు ఒక గంట ఆటలా చేయించండి, ఎక్కాలు ఇరవై దాకా నోటికి తెప్పించండి, రోజూ ఒక పేజీ చదివించండి. ఆ పరీక్ష వచ్చినా రాకపోయినా అవి వాడితోనే ఉంటాయి.

చదివించేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. వాడు "ఎల్లాను", "ఏటి", "సదువు" అంటాడు. పుస్తకంలో "వెళ్లాను", "ఏమిటి", "చదువు" అని ఉంటుంది. రాసేటప్పుడు పుస్తకంలో ఉన్నట్టు రాయాలని నేర్పండి. మాట్లాడేటప్పుడు మాత్రం వెక్కిరించొద్దు, అక్కనీ వెక్కిరించనివ్వొద్దు. యాసకు నవ్వితే పిల్ల తరగతిలో నోరు విప్పడం మానేస్తుంది. నోరు విప్పని పిల్లకు ఏది రాలేదో ఏ మాస్టారికీ తెలియదు. బడి పుస్తకాలు జనం మాట్లాడే భాషలో ఉండాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలోనే 1863లో పుట్టారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. మన యాసను చూసి మనం సిగ్గుపడాల్సిన పని లేదు.

మీవారికి కూడా ఒక పని చెప్పండి. రోజూ రాత్రి ఫోన్ చేసినప్పుడు "బాగా చదువుతున్నావా?" అని అడగొద్దని చెప్పండి. దానికి "ఆఁ" తప్ప జవాబు రాదు. "ఇవాళ సైన్సులో ఏం చెప్పారు, నాకు చెప్పు, నాకు తెలీదు" అని అడగమనండి. పాప అయిదు నిమిషాలు తండ్రికి పాఠం చెప్పాలి. ఎక్కడ తడబడితే అక్కడ రానట్టు. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు కొత్త బట్టలతో పాటు నోటుబుక్కు కూడా చూడమనండి.

ఈ ఆదివారం ఆ నాలుగు లెక్కలు చేయించి, కాగితం ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. పాప పేరు, బడి పేరు కనిపించకుండా చూసుకోండి. తప్పు ఎక్కడ మొదలైందో చూసి, ఏ రోజు ఏం చేయించాలో రాస్తాను. బాబుకు కూడా 42లోంచి 17 ఇచ్చి చూడండి. పది నోట్లు, రూపాయి బిళ్లలు పక్కనే పెట్టుకోండి.